మావగారి మీద తీసిన సినిమా

చిన్నల్లుడు వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. అత్తవారింట్లో దాన్ని ఉద్యోగం కింద జమకట్టరు. పెద్దల్లుడు బ్యాంకు మేనేజరు, ఆయన నోరు తెరిస్తే టీవీ సౌండు తగ్గిస్తారు. చిన్నవాడు గుమ్మంలో అడుగుపెడితే మాత్రం, "బాబూ, నా ఫోన్లో ఫొటోలు కనబడ్డం లేదు, కాస్త చూడు" అంటూ అత్తగారు ఫోను చేతిలో పెడుతుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఒళ్ళు మండదూ మరి?

అందుకే మావగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి సినిమా తీస్తానని తనే పూనుకున్నాడు. ఈ దెబ్బతో తానేమిటో అందరికీ తెలిసిరావాలి. తెలిసిరాకపోతే ఇక జీవితాంతం ఫోన్లు బాగుచేసుకుంటూ బతకాల్సిందే.

మావగారు నోట్లో నాలుక లేని మనిషి. కెమెరా ముందు కూర్చోబెట్టి "ఏదైనా చెప్పండి మావయ్యగారూ" అంటే, నవ్వి చేతిలో స్క్రూడ్రైవరు వైపు చూసుకున్నారు. సరే పోనీ అని ఆయన చేసే పనులే తీశాడు. టేబుల్ ఫ్యాను విప్పి తుడవడం, మనవరాలి బూట్లకి పాలిష్ పెట్టడం, భార్య కళ్ళజోడు ఇల్లంతా వెతికి తెచ్చివ్వడం. ఇక మిగతావాళ్ళకా, కెమెరా కనబడితే చాలు, పట్టపగ్గాల్లేవు. అత్తగారు ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. పెద్దల్లుడు టై కట్టుకుని మరీ ఉపన్యాసం దంచాడు.

తీసింది బారెడు, చేతిలో ఉన్న టైము జానెడు. దాంతో కొత్తగా వచ్చిన ఆటోమేటిక్ టూల్‌ని నమ్ముకున్నాడు. మాట వినబడని చోటల్లా అదే కత్తిరించి, మిగిలిన ముక్కల్ని దగ్గరికి జరిపేస్తుంది. బటన్ నొక్కాడు. టైమ్‌లైన్ మీద బారుగా పరుచుకున్న క్లిప్పులన్నీ చూస్తుండగానే చిక్కి సగమయ్యాయి. ఆహా, ఏమి సుఖం! తర్వాత అతుకుల దగ్గర మాత్రం ఆపి ఆపి చూసుకున్నాడు. అతుకు కనబడకపోతే ఎడిటింగ్ బాగున్నట్టే, పోయిందేమిటో వెతుక్కునే అలవాటు ఆ వృత్తిలో లేదు. పైన సంగీతం వేసి, మొదట్లో మావగారి పేరు బంగారు అక్షరాలతో పెట్టాడు.

పుట్టినరోజునాడు హాల్లో కుటుంబమంతా టీవీ ముందు చేరింది. సినిమా రైలులా దూసుకుపోతోంది. ఒకళ్ళ మాట అయ్యీ అవకముందే ఇంకొకళ్ళ మాట, మధ్యమధ్యలో నవ్వులు. చిన్నల్లుడికి ఛాతీ ఉప్పొంగింది. ఇంతలో తెరమీద మనవరాలు "మా తాతయ్యే నా బూట్లకి పాలిష్ పెడతాడు" అంది. ఆ వెంటనే పాలిష్ పెట్టే షాట్ రావాలి. పెద్దల్లుడి టై వచ్చింది.

చిన్నల్లుడు కుర్చీ అంచుకి జరిగాడు. ఫ్యాను కోసం చూశాడు, రాలేదు. కళ్ళజోడు కోసం చూశాడు, అదీ రాలేదు. ఆ దిక్కుమాలిన టూల్ మాటల్లేని చోట్లతో పాటు మావగారిని కూడా ఊడ్చిపారేసింది. ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరో ఒకరు అడుగుతారని, తేలుకుట్టిన దొంగలా బిగుసుకుని కూర్చున్నాడు.

ఎవరూ అడగలేదు. సినిమా అయిపోగానే చప్పట్లు మోగాయి. అత్తగారు కళ్ళొత్తుకుంటోంది. పెద్దల్లుడు లేచొచ్చి చెయ్యి కలిపాడు. "అదరగొట్టావయ్యా తమ్ముడూ! మా బ్యాంకు వార్షికోత్సవం ఫిల్మ్ నువ్వే చెయ్యాలి" అన్నాడు. చిన్నల్లుడి భార్య మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం మొహం వాచిపోయాడో ఆ మాట వచ్చేసింది. నోరు మూసుకుంటే అంతా శుభమే.

అప్పుడు మావగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "చాలా బాగా తీశావు బాబూ."

ఆ చెయ్యి బరువు అతను తట్టుకోలేకపోయాడు. ఏడుపొక్కటే తక్కువ. "నన్ను క్షమించండి మావయ్యగారూ, ఇందులో మీరు లేరు. పొరపాటున కత్తిరించేశాను" అన్నాడు.

"లేకపోవడమేంటి బాబూ, నా పక్కనే కూర్చున్నారుగా!" అంది అత్తగారు.

"నేను కళ్ళారా చూశానయ్యా" అన్నాడు పెద్దల్లుడు.

"అయ్యో, ఫ్యాను విప్పుతుంటే చూశాం కదండీ" అంది భార్య. ఆమె అది చూసింది సినిమా తీసిన రోజు ఇంట్లో, టీవీలో కాదు.

"అయితే మళ్ళీ వెయ్యి, తేలిపోతుంది" అని పెద్దల్లుడు పందేనికి దిగాడు. చిన్నల్లుడు మళ్ళీ వేశాడు. ఈసారి అందరూ కళ్ళల్లో వత్తులేసుకుని చూశారు. మొదట గుసగుసలాడారు, పోనుపోను ఆ గుసగుసలు కూడా ఆగిపోయాయి. సినిమా అయిపోయింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దల్లుడు ఫోను తీసి ఏదో చూసుకుంటున్నాడు.

అత్తగారికి సిగ్గేసింది. సిగ్గేస్తే ఆవిడకి కోపం వస్తుంది, వస్తే అది భర్త మీదికే పోతుంది.

"మీకేమైందండీ? ఇందాకే నోరు విప్పి, నేను ఇందులో లేనే అని చెప్పొద్దూ?"

మావగారు తప్పు చేసినవాడిలా అందరి మొహాలూ చూశారు.

"నేనూ ఉన్నాననే అనుకున్నానే" అన్నారు.