తలుపంత నాన్న

రెండో కాగితమూ పాడైంది. అచ్చు మిషన్లోంచి జారిన తలుపంత బొమ్మలో ముక్కూ మూతీ కలిసిపోయి, పోయినవారం పోయిన పెద్దాయన ముఖం గచ్చుమీద పలకలు పరిచినట్టు గళ్ళుగళ్ళుగా ఉంది.

"ఇది మా నాన్నేనా?" కొడుకు గొంతు దుకాణమంతా మోగింది. "సాయంత్రం సంస్మరణ సభ. వచ్చినవాళ్ళకు ఖాళీ బోర్డు చూపించమంటావా?"

దుకాణం నడిపే చుక్కలాయన పాడైన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. భూతద్దంతో అచ్చులోని చుక్కలు చూసి చూసి ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. మెడ ముందుకు వంగి, వేలికొసలకు సిరా పట్టిన మనిషి. ఊళ్ళో ఏ గోడ మీద చూసినా అతను వేసిన ముఖాలే. అతని గదిలో గోడకు మేకైనా లేదు. తిట్లు అతనికి మామూలే. తెరమీద శుభ్రంగా కనిపించిన ఫొటో ఇలా ఎందుకైందన్నదే అతన్ని తొలుస్తోంది.

"అన్నయ్యే! చాట్‌లో పంపితే ఫొటో చెడుతుందని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను," అంది కూతురు.

"చుట్టూ కత్తిరించింది నువ్వు కాదూ?"

"మీ పంచాయితీ తర్వాత. ఫొటో తీసిన ఫోనేదీ?" అన్నాడు చుక్కలాయన.

బల్లమీద కూర్చున్న తల్లి చేతిసంచిలోంచి తీసి ఇచ్చింది. వైరు తగిలించి చూశాడు. అతని కనుబొమలు పైకి లేచాయి. ఒకటా రెండా! పెద్దాయన గడ్డం గీసుకుంటూ, చెప్పు కుట్టుకుంటూ, పేపరు కింద గురకపెడుతూ... అన్నీ పుట్టుకతోనే చిన్నవి. కెమెరాలో ఫొటో సైజు అట్టడుగున పెట్టి ఉంది.

"పంపడంలోనూ, కత్తిరించడంలోనూ కాదు బాబూ. తీసినప్పుడే చిన్నది. జానెడు గుడ్డను పందిరంత లాగితే చిల్లులేగా మిగిలేది."

పేకముక్కంత సైజులో ఒకటి వేశాడు. మెరిసే కాగితం మీద పెద్దాయన చెంపమీది పులిపిరితో సహా నవ్వాడు. కూతురు చప్పున నోరు నొక్కుకుంది.

"ఈ సైజులో ఎన్నైనా స్పష్టంగా వస్తాయి. బోర్డంతా వీటితోనే నింపేద్దామా?"

కొడుకు తలూపాడు. కోపం మాత్రం ఇంకా దిగలేదు. "ముందు ఆ సైజు తగ్గించిన మహానుభావుడెవరో తేలాలి. నువ్వేనా?" అన్నాడు చెల్లెలితో.

"నేనురా," అంది తల్లి, తడిసిన కళ్ళతోనే నవ్వుతూ. "చోటు చాలడం లేదంది ఫోను. సైజు తగ్గిస్తే మీ నాన్న అందులో ఇంకొన్నిసార్లు పడతాడు కదాని, నేనే తగ్గించాను."