కార్డున్నాయన గుండె

సబ్బుల ఫ్యాక్టరీ నుంచి ముందు వాసన ఇంటికొచ్చేది, వెనకాలే మనిషి వచ్చేవాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన సబ్బులాయనే. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే కుట్టు మిషను దగ్గర్నుంచి పెళ్లాం లేచి వచ్చి, ఆయన నడుం మీద అరచెయ్యి ఆనించి, "ఏదీ, ఇలా తెండి" అనేది. రోజంతా పెట్టెలు మోసిన నొప్పి ఆవిడ నడుంలోకి దిగిపోయేది. ఆయన ఈల వేసుకుంటూ స్నానానికి పోతే, ఆవిడ కాసేపు గోడకి చేరగిలబడి మళ్లీ మిషను తొక్కేది.

ఆ ఇంట్లో రోగాలు చంటిపిల్లల్లాంటివి. ఒకరి ఒళ్లోంచి ఒకరు అందుకునేవాళ్లు. ఎవరికి తీరికుంటే వాళ్లు చెయ్యి వేసి తీసుకోవడమే. పరీక్ష రోజున కూతురికి పన్ను నొప్పి వస్తే బామ్మ పుచ్చుకుంది. ఆవిడకి పళ్లే లేవాయె! పాపం ఆ నొప్పి, ఉండడానికి చోటు దొరక్క మధ్యాహ్నానికల్లా దానంతటదే పోయింది.

ఒక్కదాన్ని మాత్రం ఇల్లాలు ఎవరికీ ఇవ్వలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఎవరైనా చెయ్యి చాస్తే, "చేతిలో కత్తెర ఉంది, జరుగు జరుగు" అని తప్పించుకునేది. చివరికి డాక్టరు చూసి, గుండెలో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఖర్చు ఎంతో విని సబ్బులాయన కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. ఉచితంగా చేసే ఆసుపత్రికి వెళ్తే వచ్చే ఏడు రమ్మన్నారు. "అంతదాకా ఆగుతుందాండీ?" అంటే, "మా చేతుల్లో లేదండీ" అన్నారు.

ఇక మిగిలింది ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన బీమా కార్డు. ఆసుపత్రి బీమా కౌంటర్లో ఉన్నావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మీ ఒక్కరికేనండీ. ఇదివరకు ఇంటిల్లిపాదికీ ఉండేది, మీ ఫ్యాక్టరీ వాళ్లే తీయించేశారు."

"తను నా భార్యండీ."

"కాదన్నానా? కార్డు ఎవరిదో జబ్బూ వాళ్లకే ఉండాలి. మీకే ఉంటే ఇవాళే రాసుకుంటాను." అని కిటికీ మూసి భోజనానికి పోయింది.

ఇంటికొచ్చి ముగ్గురూ వాదన మొదలెట్టారు.

"నాకిచ్చెయ్యవే తల్లీ, నేనెలాగూ మంచాన పడేదాన్నే" అంది బామ్మ.

"మీకు కార్డెక్కడిది అత్తయ్యా?"

"నాకుందిగా" అన్నాడు సబ్బులాయన.

"మీకేమన్నా అయితే?"

"నీకేమన్నా అయితే?"

ఇద్దరిదీ ఒకటే ప్రశ్న. ఆఖరికి మూల నిలబడ్డ కూతురు వెక్కివెక్కి ఏడుస్తుంటే చూడలేక, ఆవిడ చెయ్యి చాచింది. ఆయన పట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని, "ఇన్నాళ్లూ ఇది పెట్టుకుని మిషనెలా తొక్కావే?" అన్నాడు.

పరీక్షలన్నీ ఆయనకే చేశారు. బీమా వాళ్లు సరేనన్నారు, కానీ ఆపరేషన్‌కి ఒకే ఒక్క రోజు అనుమతి.

ఆ రోజు ఆయన్ని ఆసుపత్రి గౌనులో, ఆపరేషన్ గదికి వెళ్లే వసారాలో చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఊపిరి కోసం పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆవిడ ఆయన నుదుటి చెమట తుడిచింది. తుడిచిన చెయ్యి ఊరుకుంటుందా? ఇన్నేళ్ల అలవాటు. తెలీకుండానే ఆయన గుండె మీదకి జారింది. ఆయన మొహంలోకి రంగు వచ్చింది. ఆవిడ పెదాలు నల్లబడ్డాయి.

నర్సు యంత్రం చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, తీసేసుకున్నారా! లోపల అందరూ చేతులు కడుక్కుని నిలబడ్డారమ్మా, ఇచ్చెయ్యండి!"

ఆవిడ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "తీసుకోవడం పొరపాటునే తీసుకున్నాను. ఇవ్వకపోవడం మాత్రం కావాలనే. ఆ తలుపు లోపలికెళ్లిన మనిషి తిరిగొస్తాడని ఎవరు చెప్తారు?"

డాక్టరు తలుపు తీసుకుని వచ్చి ఆయన గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. "గుర్రంలా ఉంది. దీని మీద కత్తి పెట్టలేనమ్మా. కాసేపు చూసి ఇంకొకరిని పిలుస్తాను. మీ అనుమతి ఇవాళ్టితో సరి" అని లోపలికెళ్లిపోయాడు.

సబ్బులాయన మంచం దిగి ఒక అడుగు వేస్తే, ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. తరిమితే పరిగెడుతుంది, పరిగెడితే ఆ గుండె ఆగిపోతుంది. ఆయన ఆగిపోయాడు.

"సరే, ఇంటికి పోదాం పద" అంటూ వెనక్కి తిరిగాడు. "కానీ ఈ గౌనుకి వెనక ముడులు ఊడిపోయాయి. అంతా గాలాడుతోంది. మిషను కుట్టేదాని మొగుడు వీధిలో ఇలా నడిచెళ్తే నామోషీ నీకే."

ఆవిడ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. "ఏ సన్నాసి కుట్టాడండీ దీన్ని, కుట్టంతా వంకరే" అంటూ ముడి వెయ్యబోయింది.

ఆయన గిరుక్కున తిరిగి ఆ చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

అంతే. జబ్బు మళ్లీ చేతులు మారి, ఆయన మంచం మీద వాలిపోయాడు. నర్సు ఇంకో మాట వినకుండా మంచం తోసుకుంటూ పరుగందుకుంది. ఆవిడ వెనకాలే పరిగెత్తింది. పొడుగాటి వసారా అంతా పరిగెత్తింది. అందేలోపే తలుపు మూసుకుంది.

రెండు పిడికిళ్లతో తలుపు బాదింది. ఆయన్ని నోరారా తిట్టింది. ఎంత అరిచినా, ఎంత ఏడ్చినా, ఊపిరి మాత్రం నిండుగా అందుతూనే ఉంది.