పది సెకన్లు

"మా కోడలికి చూపు ఆనదమ్మా. తలుపులూ గడపలూ గుద్దుకుంటా ఉంటది," అంది పున్నమ్మ పక్కింటావిడతో. ఇడ్లీ పప్పు రుబ్బుతున్న వసుంధర తలెత్తలేదు.

అది పంతొమ్మిది వందల డెబ్భై మూడు. ఆమె రేపల్లెలో టీచరు. భర్త పాండురంగారావు కొట్టిన ప్రతిసారీ, మచ్చలు మానేదాకా ఆమె చేతనే సెలవుచీటీ రాయించేవాడు. మానాకే బాపట్ల పుట్టింటికి పంపేవాడు. "ఏదమ్మా, ఎక్కడ కొట్టాడు?" అనేవాడు తండ్రి వెంకటప్పయ్య, నున్నటి ఆ చేతులు చూసి. "సర్దుకుపోవాలి."

పెళ్లికి ముందు సూర్యలంక ఒడ్డున వలల్నీ పడవల్నీ ఫొటోలు తీసిన పిల్ల ఆమె. ఆనాటి డబ్బా కెమేరాతోనే, పెళ్లయ్యాక ఓసారి, దెబ్బలు తిన్న తన చేతిని తీసుకుంది. మచ్చేదో నీడేదో తెలియని మసక వచ్చింది.

పరీక్ష పేపర్లు దిద్దడానికి తెనాలి వెళ్లినప్పుడు లాజరు గారి స్టూడియో మెట్లెక్కింది. పాత కెమేరాలు కూడా అమ్ముతాడాయన.

"ఏం తీస్తారమ్మా? పిల్లల్నా?"

"దగ్గర్నుంచి తియ్యాలండి. గదిలో, కిటికీ వెలుగులో."

మెరిసే కెమేరాని పక్కన పెట్టి, బరువైనదొకటి తీశాడాయన. "ఇది రెండడుగుల దూరంలో కూడా స్పష్టంగా తీస్తుంది. ఈ మీట నొక్కితే పది సెకన్లాగి తనే తీస్తుంది. మీరూ సారూ కలిసి దిగొచ్చు."

"అదే ఇవ్వండి."

"ఆడదానికి కెమేరా ఏంటి?" అని నవ్వాడు పాండురంగారావు. "సరే, మా అమ్మ ఫొటో ఒకటి తియ్యి."

తీసింది. ఆ తర్వాత, అతను మిల్లుకి వెళ్లిన పొద్దుటిపూటల్లో, తలుపు గడియపెట్టి, కెమేరాని అల్మరా అంచున నిలబెట్టి, పమిట తొలగించుకుని కూర్చునేది. మీట కిర్రుమంటూ తిరిగేది. "ఎంతసేపే లోపల?" అని బయట అత్తగారు తలుపు కొట్టేది.

నాలుగు నెలలకు రీలు నిండింది. తెనాలి తీసుకెళ్లి లాజరుకిచ్చి కడిగించింది. ఫొటోల్ని తీసిన వరసలో బల్లమీద పరిచి, పక్కకు తిరిగి నిలబడ్డాడాయన.

అత్తగారి ఫొటో దాటితే, మొదట మోచెయ్యి. తర్వాత భుజం. తర్వాత మెడ ఎముక. చివరిదాంట్లో గొంతు చుట్టూ నాలుగు వేళ్లు, బొటనవేలు. తండ్రికి చూపించాలని తీసిన వాటిని ఆమె మొదటిసారి తనకోసం చూసింది. విడివిడిగా భరించినప్పుడు తెలియలేదు. అతని చెయ్యి నెలనెలా పైకి పాకుతూనే ఉంది. ఆపైన ఇక చోటు లేదు.

"రేపల్లె బండికి టైమైందమ్మా," అన్నాడు లాజరు మెల్లగా.

"బాపట్ల బస్సు ఎక్కడాగుతుందండి?" అంది వసుంధర.

తండ్రి నమ్మకపోవచ్చు. నమ్మకపోయినా ఆమె ఇక ఆ బండెక్కదు.