రాణి వేషానికి ముఖం కావాలి

మాఘమాసం రాగానే తర్లగూడలో సీతయ్య ఇంటి వసారాలో మద్దెల మోగుతుంది. వరి నూర్పిళ్లు అయిపోయి, ఇప్పపువ్వు రాలడానికి ఇంకా వ్యవధి ఉన్న రోజులవి. ఖాళీగా కూర్చుంటే ఊళ్లో మగవాళ్లు కొట్లాటలకు దిగుతారు కాబట్టి నాటకం కడతారు. కట్టేముందు సీతయ్య చేసే మొదటి పని, అటక మీద గోనెసంచిలో చుట్టి పెట్టిన అద్దాన్ని దించి, దాని ఇత్తడి చట్రాన్ని చింతపండుతో తోమి, గోడకు ఆనించి నిలబెట్టడం.

కొందరి ఇళ్లల్లో గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. సీతయ్య ఇంట్లో అద్దం రెండు నెలలు ముందు నడుస్తుంది. ఊళ్లో దాన్ని ఎవరూ వింతగా చూడరు. మేకపోతును కొనేవాళ్లు దాన్ని ముందుగా ఇక్కడికి తోలుకొచ్చి, ఏమాత్రం ఒళ్లు చేస్తుందో అద్దంలో చూసుకుని బేరం కుదుర్చుకుంటారు. నాటకం వాళ్లకు మాత్రం దాంతో ఒక చిక్కుంది. ఇవాళ పూసుకున్న రంగు అందులో ఇవాళ కనబడదు. అందుకే ఆ జట్టులో ఎవరి ముఖం వాళ్లు దిద్దుకోరు, ఒకరికి ఒకరు దిద్దుతారు. మరి అద్దం ఎందుకూ అంటే, వేషాలు పంచడానికి. రిహార్సళ్లు రెండు నెలలు. ఆట రోజుకు ఎవరి ముఖం ఎలా ఉండబోతోందో చూసి మరీ సీతయ్య వేషం ఇస్తాడు.

ఈ ఏడు ఆట ఊళ్లో కాదు. కిరండూల్ గనుల్లో పనిచేసే తెలుగువాళ్లు ఫోన్ చేసి, ఉగాదికి వచ్చి ఆడమని అడిగారు. ఆ కబురు విన్న రోజు నుంచి హరిబాబుకు కాలు నేల మీద నిలవలేదు. అతనికి పద్దెనిమిదేళ్లు. తండ్రి వెంకటనారాయణ ఇరవై ఏళ్ల పాటు రాణి వేషం కట్టినవాడు. మోకాళ్లు పట్టేసి ఆయన మానుకున్నాక ఆ వేషం కొడుక్కే అని ఊరంతా అనుకుంది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. రాణి కాబోయేవాడు ఆటకు ముందు ఆరు నెలల పాటు రోజూ రాత్రి ముఖానికి ఇప్పనూనె పట్టించి, కడగకుండా పడుకోవాలి. అలా చేస్తేనే ముఖం దీపాల వెలుగులో నిగనిగలాడుతుందని వెంకటనారాయణ నమ్మకం. హరిబాబు దసరా నుంచి ఒక్క రాత్రి కూడా తప్పలేదు. మొన్నీమధ్య గడ్డం మీద నాలుగు మొటిమలు లేచినా వయసుకు అవి మామూలే అనుకున్నాడు.

తన వంతు రాగానే జుట్టు దువ్వుకుని వెళ్లి అద్దం ముందు కూర్చున్నాడు. అద్దంలో ఉన్న హరిబాబు నుదుటి నుంచి మెడ దాకా ఎర్రగా వాచి, చీము పట్టి, గింజ పెట్టడానికి చోటు లేకుండా ఉన్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు సీతయ్య, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటూ. "రాణి గిట్లుంటే రాజు సింహాసనం దిగి అడవి పట్టి పోతడు. దీని మీద రంగు నిలువదు. ఈసారికి వేషం హడ్మాకు ఇద్దాం."

హడ్మాకు నలభై దాటాయి. గొంతు ఎత్తితే పశువులు పలుపుతాళ్లు తెంపుకుంటాయి. హరిబాబుకు ఏడుపు ముంచుకొచ్చింది.

"తాతా, మంగ్లూ తాగుడు మానిన నాడే అద్దంల ఆయన బుగ్గలు నిండలేదా? నేను నడిచే తీరు మార్చుకుంటే నా ముఖం గూడ మారదా? కొంచెం గడువియ్యి."

ఆ మాట నిజమే. అద్దం బ్రహ్మరాతేమీ చూపించదు. మనం పోతున్న దారిలోనే పోతే ఎక్కడ తేలుతామో చూపిస్తుంది. సీతయ్య వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు.

"పున్నమి దాకా ఆగుతా. ఆనాటికి అద్దంల ముఖం సక్కబడితే రాణివి నువ్వే. లేకుంటే కిరండూల్ల కుర్చీలు మొయ్యాలె."

హరిబాబు మర్నాడే సంతకు పరుగెత్తి, వారంలో ముఖం నున్నబడుతుందని, 'హఫ్తా భర్ మే చెహరా సాఫ్' అని అరుస్తున్నవాడి దగ్గర ఒక క్రీమ్ కొన్నాడు. తిరిగొచ్చి మూత తిప్పి వేలికి తీసుకుని, సీతయ్య ఇంటి అద్దం ముందు నిలబడి బుగ్గకు రాశాడు. అద్దంలోని ముఖం పొర ఒలిచిన టమాటాలా అయింది. పలచబడిన చర్మం కింద ఎర్రటి నరాలు తేలాయి, మొటిమలు ఇంకా పెరిగాయి. పక్కన వాకిలి ఊడుస్తున్న బిందు చీపురు పట్టుకునే వచ్చి చూసింది. బిందు సీతయ్య మనవరాలు. ఆటలో తెర వెనక కూర్చుని, మర్చిపోయినవాళ్లకు మాటలు అందించేది ఆమే. ప్రతి వేషం ఆమెకు కంఠతా వచ్చు. తెర ముందుకు ఆడపిల్లలు రావడం ఆ జట్టులో లేదు కాబట్టి, ఆమెను అద్దం ముందు కూర్చోమని ఎవరూ ఎన్నడూ అనలేదు.

"హరన్నా, ముఖమా అది, ప్రయోగశాలనా?" అంది బిందు. "అది పెంటల పారెయ్. భోపాల్‌పట్నం ఆస్పత్రికి పో. అక్కడ వినీత డాక్టరమ్మ తెలుగే మాట్లాడతది."

డాక్టర్ వినీత అతని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ముఖానికి ఏం రాస్తావు?"

"ఇప్పనూనె మేడమ్. రోజూ, రాత్రంతా."

"ఎందుకు బాబూ?"

"రాణి కావాలని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, విషయమంతా చెప్పించుకుని మనసారా నవ్వింది. ఆ తర్వాత మాత్రం ఒక్క మాట కూడా నవ్వుతూ చెప్పలేదు. నూనె కూరలోకే గానీ ముఖానికి వద్దు, అది రంధ్రాలు మూసేస్తుంది. రోజుకు రెండుసార్లు మెత్తటి సబ్బుతో కడుక్కో, పీచుతో తోమకు. నేను రాసిచ్చే జెల్లు రాత్రి పలచగా రాసుకో. మొదట్లో మంట పుడుతుంది, పొట్టు లేస్తుంది, భయపడి మానేయకు. గిల్లితే మచ్చ ఉండిపోతుంది. దిండు గలీబు మారుస్తుండు. ఆ భుజం మీద తువ్వాలతో బండి తుడిచి అదే చేత్తో ముఖం తుడుచుకుంటున్నావేమో, దానికో దండం పెట్టు. కూల్‌డ్రింకులు, తీపి బిస్కెట్లు తగ్గించి, ఫోను పక్కన పెట్టి వేళకు పడుకో.

"ఎన్నాళ్లకు తగ్గుతది మేడమ్?"

"ఆరేడు వారాలు ఓపిక పట్టాలి. రోజూ అద్దం చూసుకుని దిగులుపడకు."

"మా ఊరి అద్దం ముందే చూపిస్తది మేడమ్," అన్నాడు హరిబాబు. డాక్టరమ్మ మంచిదే అని తలూపి తర్వాతి పేషెంట్‌ను పిలిచింది.

మందులు, సబ్బు సరే. తండ్రిని ఒప్పించడం ఎలా? నూనె మానేస్తానని విన్న వెంకటనారాయణ కుంటుకుంటూ సీతయ్య ఇంటికే వచ్చేశాడు, చేతిలో సీసాతో.

"మా నాయిన రాసిండు, నేను రాసిన. మాకు లేని మొటిమలు నీకు ఎక్కడివిరా? అదంతా నీ ఫోను ఏడుపు."

"నాయినా, ఒక్కసారి ఇట్ల వచ్చి నిలబడు. నేను చూపిస్త," అన్నాడు హరిబాబు, అద్దం ముందు కూర్చుని.

సీసా కోసం చెయ్యి చాపాడు, ఇవాళ నుంచి రోజూ రాస్తాననే మనసులో గట్టిగా అనుకుంటూ. అద్దంలో బుగ్గలు పొంగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, ఒట్టు, ఇక ముట్టను అనుకున్నాడు. పొంగిన పాలు మంట తగ్గించగానే దిగినట్టు అద్దంలో వాపు దిగిపోయింది. మళ్లీ చాపాడు, మళ్లీ పొంగింది. వసారాలో ఉన్నవాళ్లంతా మూగి, "ఇంకోసారి, ఇంకోసారి" అని కేకలు పెట్టారు. కొడుకు ముఖాన్ని చేజేతులా పాడు చేశానని వెంకటనారాయణకు తెలిసొచ్చింది. సీసా బిందు చేతికిచ్చి, "కూరలకు వాడుకో బిడ్డా" అని వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి తర్లగూడకు పండగే. పొద్దున్నే హరిబాబు ముఖం కడుక్కుని అద్దం దగ్గరికి పరుగెత్తేవాడు, వెనక సగం ఊరు. ఒకనాడు దొంగచాటుగా కూల్‌డ్రింకులు, క్రీమ్ బిస్కెట్లు లాగించి, ఇక రోజూ ఇంతే, ఎవరు చూడొచ్చారు అనుకున్నాడు. అద్దంలో గడ్డం కింద వరసగా మూడు లేచాయి. "ఎక్కడ తాగినవ్ రా?" అని ముసలమ్మలు నిలదీశారు. కిరాణా కొట్టువాడు, హరిబాబు వస్తే చాలు, ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడి "నై మిలేగా!" అనేవాడు. తువ్వాలను తల్లి ఉడకబెట్టింది. జెల్లు తగిలి దిండు గలీబు మీద తెల్లటి మచ్చలు పడితే, "నీ ముఖం సంగతేమో గానీ బట్టలు మాత్రం తెల్లబడ్డయ్" అని బిందు ఆటపట్టించింది.

చిత్రమేమిటంటే, అద్దంలో ముఖం రోజురోజుకూ తేరుకుంటుంటే అసలు ముఖం మాత్రం మొదట్లో ఎర్రబడి పొట్టు లేచింది. మామూలు అద్దం మాత్రమే ఉన్నవాడైతే రెండో వారానికే జెల్లు విసిరి కొట్టేవాడు. హరిబాబు విసరలేదు. పున్నమి నాడు సీతయ్య అతన్ని కూర్చోబెట్టి చూశాడు. నుదుటి మీద ఒకటి రెండు లేత మచ్చలు తప్ప అద్దంలో ముఖం నున్నగా ఉంది. మద్దెల వాయించే పొజ్జా ఆగలేక దరువు వేసేశాడు. రాణి వేషం హరిబాబుదే అని సీతయ్య అనగానే హడ్మా అందరికంటే గట్టిగా ఈల వేశాడు, పాపం ఆయనకూ ఆ చీర కట్టుకోవడం ఇష్టం లేదు.

ఉగాది రోజు మినీలారీలో అద్దంతో సహా కిరండూల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మైదానంలో ఇంకా కుర్చీలు వేస్తున్నారు. షామియానా వెనక హరిబాబు ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు అసలు ముఖం కూడా నున్నగానే ఉంది. వెంకటనారాయణ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, "నా రాణి ముఖం కంటే బాగున్నదిరా" అన్నాడు. రంగు దిద్దడానికి ఆ రోజు బిందు కూర్చుంది. మిగతా మగవాళ్లంతా తెర కట్టే పనిలో ఉన్నారు మరి. ఆమె వేషానికి పూసే అర్దళం పసుపురంగు కలిపి అతని నుదుటికి వేలు తాకించేంతలో, పక్కన ఆనించి ఉన్న అద్దం వైపు హరిబాబు చూపు పోయింది.

అద్దంలో అతనికి గుబురు మీసం ఉంది.

సీతయ్య కూడా చూశాడు. "ఓరి నీ! రెండు నెలలు తోమిన ముఖం ఒక్క ఆటకేనా?"

"మళ్లీ ఆటకు గీసుకుంటడు, అదేం పని?" అన్నాడు వెంకటనారాయణ.

"గీసుకునేటోణ్ని అయితే అద్దంల మీసం ఎందుకుంటది నాయినా?" అన్నాడు హరిబాబు నెమ్మదిగా. తను ఎందుకు గీసుకోడో అతనికీ అర్థం కాలేదు. అప్పుడు చూశాడు. అద్దంలో తన పక్కనే, వంగి ఉన్న బిందు ముఖం. వేషం కట్టేవాళ్లకు ఎంత కడిగినా పాపిట అంచున ఒక పసుపు గీత మిగిలిపోతుంది. బిందుకు ఆ గీత ఉంది. కళ్ల చివర కాటుక నల్లగా సాగి ఉంది.

ఈ వేషం కోసం హరిబాబు రెండు నెలలు తిండి మార్చాడు, నిద్ర మార్చాడు, తండ్రి మాట కాదన్నాడు. అయినా దాన్ని బిందుకు ఇచ్చేయబోతున్నది తనేనని తెలిసి బాధ కలగలేదు. నవ్వొచ్చింది.

"సక్కగ దిద్దు బిందూ," అన్నాడు, ముఖం ఆమె వైపు తిప్పి. "మళ్లొచ్చే ఆటకు నీకు నేను దిద్దాలె."

బిందు అద్దం చూసింది. చేతిలో పసుపు గిన్నె కింద పెట్టింది. ఆమె తాత వైపు తిరిగింది. సీతయ్య కూడా అద్దంలో ఆ పసుపు గీతను చూశాడు. ఆడపిల్లలు తెర ముందుకు రారన్న మాట ఆయన తాతలది, ఆయనా నలభై ఏళ్లు దాన్ని కాపాడాడు. ఆయన మద్దెల పక్కన కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"రాణి వచ్చే దరువు పాట ఎత్తుకో బిడ్డా. గుసగుసగ కాదు, గట్టిగ."

బిందు ఎత్తుకుంది. షామియానా అవతల కుర్చీలు వేస్తున్నవాళ్లు పని ఆపి, రాణి అప్పుడే వచ్చేసిందనుకుని ముందు వరసల్లో కూర్చున్నారు.