షికారుకెళ్ళిన దవఖాన ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కుని. పైన ఎర్రరంగు రేకు, లోపల వెండిపూత పూసిన రెండు పొరల గాజుబుడ్డి. ఆ పొరల మధ్య ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని నమ్ముకునే నా బతుకంతా. చూసేవాళ్ళకు నేను నిమ్మళంగా నిలబడ్డట్టే ఉంటాను. కానీ మూత బిగించిన క్షణం నుంచి కడుపులో ఒకటే ఆరాటం. ఎవరు తీస్తారు, ఎప్పుడు తీస్తారు, అంతలో చల్లారిపోతుందేమో అని. మనుషులు నయం, వాళ్ళ కోపం గంటలో చల్లారుతుంది అనుకునేదాన్ని. కొందరు నాకంటే గట్టివాళ్ళని, ఏడాది గడిచినా వేడి పోనివ్వరని తర్వాత తెలిసింది.

సముద్రం దగ్గరి ఒక నగరంలో, కార్ఖానాలో పుట్టాను. గాజు ఊదినవాళ్ళు వేరు, రేకు వంచినవాళ్ళు వేరు. గడ్డిలో చుట్టుకుని, లారీల్లో కుదుపులు తిని, గోదావరి దగ్గరి ఒక బొగ్గుబాయి ఊరికి చేరాను. దుకాణంలో దుమ్ము పట్టిపోతుంటే ఓదెలు అనే బాయి కార్మికుడు పరుగెత్తుకొచ్చి కొన్నాడు. ఆయన భార్య సుగుణ కాన్పుకు దవఖానలో చేరింది. వేడినీళ్ళకు ఫ్లాస్కు కావాలి. మా జాతివాళ్ళు ఇళ్ళలోకి వచ్చేది ఎక్కువగా ఇట్లాగే. పెళ్ళికి గడియారం ఇస్తారు, గ్రైండరు ఇస్తారు. ఫ్లాస్కు గుర్తొచ్చేది మాత్రం ఎవరైనా మంచం పట్టినప్పుడే.

ఆ కాలనీలో వరుసగా క్వార్టర్లు, ఒకటే గోడకు అటూ ఇటూ కాపురాలు. ఒక ఇంట్లో ఫ్లాస్కు ఉందంటే అది వాడకంతటికీ ఉన్నట్టే. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి ఆపరేషనైనా నన్ను అడిగేవాళ్ళు. దవఖానకు అని అడిగితే లేదనడం ఆ వాడలో ఎరగరు. పాలు, జావ, బార్లీ నీళ్ళు, చాయ్ మోశాను. పుట్టిన పసివాళ్ళను చూశాను, పోయినవాళ్ళ పక్కన కూడా నిలబడ్డాను. నా పిడి ఊడితే సుగుణ పచ్చదారంతో గట్టిగా చుట్టింది. అప్పటి నుంచి ఆ దారమే నా గుర్తు. అందరూ నన్ను దవఖాన ఫ్లాస్కు అనేవాళ్ళు. ఆ పేరు నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఆ పేరు నుంచి నన్ను బయటికి లాగింది రజియా. సుగుణకు గోడవతలి మనిషి. ఆమె భర్త యాకూబు కూడా బాయిలోనే పని. సుగుణకు షుగరు వచ్చింది, రోజూ నడవాలని డాక్టరు చెప్పాడు. ఒక్కదాన్నే నడిస్తే పిచ్చిదనుకుంటారని సుగుణ గొణిగితే, ఇద్దరం నడుద్దాం, ఇద్దరినీ అనుకుంటారులే అంది రజియా. మొదటి ఆదివారం రజియా నన్ను చేతిలోకి తీసుకోగానే సుగుణ అత్తమ్మ రాజవ్వ గడపలో అడ్డం నిలబడింది.

“దవఖాన ఫ్లాస్కు వట్టుకొని షికారువోతరా? మంచిగున్న పానాలకు రోగం అంటిస్తరా ఏంది?”

“అవ్వా, దానికి మాత్రం గాలి మార్పు వద్దా? ఎన్నేండ్లు మందుల వాసన పీల్సాలె పాపం?” అంది రజియా.

“మీరిద్దరు తిరుగుడు మరిగిండ్రు. ఫ్లాస్కును ఎందుకు చెడగొడ్తున్నరు?”

అయినా వెళ్ళాం. కాలనీ వెనక మట్టిగుట్ట ఉంది. దేవుడు పెట్టిన గుట్ట కాదు. బొగ్గు కోసం తవ్విన మట్టిని డంపర్లతో తెచ్చి ఏళ్ళ తరబడి పోస్తే లేచిన గుట్ట. పోయడం మానేశాక వానలు పడ్డాయి. ఎవరూ విత్తకుండానే చలికాలం వచ్చేసరికి దాని ఒళ్ళంతా పూలు. బతుకమ్మ పండుగకు ముందు గునుగు పూల కోసం ఒకరినొకరు తోసుకున్న ఆడవాళ్ళు, పండుగ మర్నాటి నుంచి దానివైపే చూడరు. అది మాత్రం తనను పిలిచి మానేశారని తెలియనట్టు, కార్తీకం దాకా తెల్లగా, గులాబిగా ఊగుతూనే ఉంటుంది. దాని తర్వాత తుమ్మి, విష్ణుకాంత, గడ్డిచామంతి, ముళ్ళగోరింట. మంచు బాగా కురిసే రోజుల్లో రాళ్ళ సందుల్లోంచి పేరు తెలియని చిన్న చిన్న పూలు.

పేరు తెలియనివాటికి ఇద్దరూ కాలనీ వాళ్ళ పేర్లు పెట్టేవాళ్ళు.

“ఇగో చూడు, ఎండ జరంత పొడిసిందో లేదో ముడుసుకొని పండె. అచ్చం మా యాకూబు,” అంది రజియా ఒక పసుపు పువ్వును చూపించి.

“గట్లయితే గీ ముండ్ల చెట్టు మా అత్తమ్మ. పువ్వు మంచిదే, దగ్గరికి పోతెనే కష్టం.”

“మరి నీ చీరకు అంటుకున్నది చూడు, గీ గడ్డి. ఇది నువ్వే. ఒకపారి అంటుకుంటె ఇడువదు.”

సుగుణ నవ్వి నవ్వి బండ మీద కూలబడేది. నా మూత తీసేవాళ్ళు. చక్కెర లేని చాయ్ అని ఇంట్లో చెప్పి బయల్దేరేవాళ్ళు. రజియా చేతిరుమాలు ముడిలో చక్కెర ఉండేది. డాక్టరుకు తెలియని ఆ సంగతి నాకు తెలుసు. నడక కోసం మొదలైన పని, నడక మరిచిపోయి పూల కోసం అయింది. వారమంతా వంటింటి అలమారలో నాకు ఊపిరాడేది కాదు. ఆదివారం పొద్దున పాలు పొంగే చప్పుడు వినబడితే చాలు, పిడి దాకా జల్లుమనేది.

ఇట్లా కొన్ని చలికాలాలు గడిచాయి. ఆఖరి చలికాలం మాత్రం మొదటి నుంచీ తిన్నగా లేదు. యాకూబుకు జనవరిలో రిటైర్మెంటు. రిటైరైతే క్వార్టరు అప్పజెప్పాలి. వాళ్ళు జగిత్యాలలో ఇల్లు చూసుకున్నారని వాడంతా తెలుసు. సుగుణకూ తెలుసు. కానీ గుట్ట మీద ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రెండు గుక్కల మధ్య వాళ్ళు ఆ మాట దాకా వచ్చి వెనక్కి మళ్ళడం నేను చూశాను. సుగుణ నడక మారింది. ఒకచోట నిలబడేది కాదు. “ఆ పక్క చూడలే, ఈ పక్క చూడలే” అంటూ ముందు నడిచేది. నన్ను సగం తాగి మూత పెట్టేది. రజియా ఆయాసపడుతూ, “పూలు ఉర్కుతున్నయా ఏందే?” అంటే జవాబు చెప్పేది కాదు.

ఫిబ్రవరి వచ్చింది. గుట్ట అవతలి వాలులో మోదుగులు మొగ్గ తొడిగాయి. అవి విచ్చితే చలికాలం అయిపోయినట్టే. మంగళవారం రజియా వాళ్ళ సామాన్లకు లారీ వస్తుందని ఖాయమైంది. అంటే మిగిలింది ఒక్క ఆదివారం. మోదుగుల దాకా వెళ్ళి రావాలని ఇద్దరూ అనుకున్నారు.

ఆ పొద్దున సుగుణ నన్ను వేడినీళ్ళతో కడిగింది. చాయ్ పోసి మూత బిగించింది. అప్పుడే వెనక వరుసలో ఉండే లలిత ఉరుకుతూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“సుగుణక్కా, మా పిల్లకు నొప్పులు మొదలైనయ్. దవఖానకు తీస్కపోతున్నం. ఫ్లాస్కియ్యవా?”

సుగుణ వంటింట్లోంచే పలికింది. “అయ్యో లలితా, ఫ్లాస్కు మొన్ననే పగిలిందే.”

నేను పగలలేదు! అరవడానికి నాకు నోరుంది గానీ దానికి మూత ఉంది. లలిత సరేనని వెళ్ళిపోయింది. సుగుణ పొయ్యి ఆపేసి, ఆపిందో లేదో మళ్ళీ చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

కాసేపటికి రజియా వచ్చింది. తోవలో ఆమెకు లలిత ఎదురైంది. రజియా ఏమీ అడగకుండా వంటింట్లోకి వచ్చి, నన్ను చూసి, నా మీద చెయ్యి పెట్టి చూసింది.

“పగిలిందన్నవట?”

సుగుణ తుడిచిన గట్టునే మళ్ళీ తుడవసాగింది.

“దవఖానకు అడిగితె లేదన్నవా? నువ్వేనా?”

“ఒక్క ఆదివారం రజియక్కా. దవఖానలకు దినాం పోతనే ఉంటరు.”

“మోదుగు పూలు ఎటన్న పారిపోతయా?”

“నువ్వు పోతున్నవ్ గదా!” అంది సుగుణ. “పోతున్ననని ఒక్కపారన్న నాతోని అన్నవా? లారీ సంగతి గూడ నాకు లలితనే చెప్పింది.”

రజియా నన్ను చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

దవఖాన వరండాలో లలిత నన్ను చూసింది. నా పిడికున్న పచ్చదారం చూసింది. రజియా తొందరగా, “మా ఇంట్ల గూడ అసువంటిదే ఉండె, తెచ్చిన” అంది. లలిత ఒక్క క్షణం ఆగి, సరేనన్నట్టు తలూపి గ్లాసు పట్టింది. మనుషులు ఒకరి అబద్ధాన్ని ఒకరు ఇట్లా మర్యాదగా మోయగలరని నేను అప్పుడే చూశాను.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఆ సంబరంలో అందరూ ఒక్కసారి లేచారు. ఎవరి మోచేయి తగిలిందో తెలియదు, కిటికీ గట్టు మీదున్న నేను కింద పడ్డాను. పైన రేకుకు చిన్న సొట్ట మాత్రమే. లోపల మాత్రం ఏదో ఒక్కసారిగా వదిలేసినట్టయింది. రజియా ఎత్తి ఊపితే గలగలమన్నాను.

సాయంత్రం ఆమె నన్ను సుగుణ వంటింటి గట్టు మీద పెట్టింది. “ఇగో. ఇప్పుడు నిజంగనే పగిలింది” అని వెళ్ళిపోయింది. మంగళవారం లారీ వచ్చింది, బీరువా ఎక్కింది, మంచాలు ఎక్కాయి. వాడంతా వీధిలో నిలబడింది. సుగుణ పెరట్లో నల్లా దగ్గర, ఎప్పుడో శుభ్రమైపోయిన గిన్నెను తోముతూ కూర్చుంది. లారీ చప్పుడు మూల తిరిగేదాకా నల్లా కట్టలేదు.

పురుడు వెళ్ళాక లలిత మిఠాయి తెచ్చింది. “మీ ఫ్లాస్కు పగిలిన బాధల నువ్వుంటివి, రజియక్క వాళ్ళింటిది తెచ్చి ఆదుకున్నది” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియదు. సుగుణ మాత్రం మిఠాయి నోట్లో పెట్టుకోకుండా కొంగున ముడేసుకుంది.

నన్ను అటక ఎక్కించారు. పగిలిన ముక్కలు గుమ్మరించేశారు. లోపల ఉత్త చీకటి. పాత సామాన్లవాడి కేక వీధిలో వినబడితే రేకంతా వణికేది. “ఉల్లిగడ్డలకన్న ఇయ్యి పీడ పోతది” అని రాజవ్వ, ఇవ్వనని సుగుణ. వాన వెళ్ళింది. బతుకమ్మ వెళ్ళింది. సుగుణ ఒక్కతే గుట్టకు వెళ్ళి, చెప్పుల మట్టి ఆరకముందే తిరిగొచ్చేది. ఓదెలూ యాకూబూ ఫోన్లలో మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. ఈ ఇద్దరు ఆడవాళ్ళ దగ్గరా ఫోన్లున్నాయి. ఎవరూ చేయలేదు. ముందు ఎవరు చేయాలన్నది తేలలేదు.

చలి ముదిరిన ఒక పొద్దున సుగుణ అటక మీద చేయి పెట్టి నన్ను దించి, తుడిచి, సంచిలో పెట్టింది.

“ఎటు?” అన్నాడు ఓదెలు.

“దీనికి లోపలి బుడ్డి కావాలె. జగిత్యాలల దొరుకుతదట.”

“గదేందే, మన బస్టాండు కాడ దుకాణంల ఉన్నయి గద.”

“ఆ సైజు కాదు.”

ఓదెలు ఆమెను చూశాడు, సంచిని చూశాడు. “ఔను, ఆ సైజు కాదు” అని చొక్కా వేసుకుని బస్సు ఎక్కించడానికి వచ్చాడు. ఒంటరిగా ఆమె ఎక్కిన మొదటి బస్సు అది. దారంతా సంచిని రెండు చేతులతో పట్టుకుని, ఏదో అనుకుని, తల అడ్డంగా ఊపుకుని, మళ్ళీ మొదటి నుంచి అనుకుంటూ కూర్చుంది.

రజియా తలుపు తీసింది. సుగుణ దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

“ఫ్లాస్కుకు బుడ్డి కోసం వచ్చిన” అంది.

“బుడ్డి కోసమా?”

“మా దగ్గర దొరుకుతలేదు.”

రజియా సంచిలోకి తొంగి నన్ను చూసింది. “లోపలికి రా. చెప్పులు ఆడనే ఇడువు, ఇప్పుడే తుడిసిన” అని పక్కకు జరిగింది. ఆ గొంతులో వేడి ఎంత మిగిలిందో తేల్చుకోలేకపోయాను. చాయ్ వచ్చింది. సుగుణ ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసింది. “చక్కెర ఎక్కువేసినవ్.” “తాగు. డాక్టరు చూస్తలేడు” అంది రజియా.

ముగ్గురం బజారుకు వెళ్ళాం. దుకాణంలో కుర్రవాడు కొత్త బుడ్డి తీసి నాలోకి దించి అడుగు బిగించాడు. ఎంత చక్కగా కూర్చుంది! పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

“సరిగ్గ పట్టిందమ్మా.”

రజియా నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. “వదులుగున్నది.”

“ఏం వదులమ్మా, కదులుతలేదు, చూడుండ్రి.”

“కదులుతున్నది. నాకు ఇనవడుతున్నది. సుగుణా, నీకు ఇనవడుతలేదా?”

సుగుణ నన్ను తీసుకుని ఊపింది. చప్పుడు లేదు. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. ఆమె రజియా ముఖంలోకి చూసింది.

“ఇనవడుతున్నది” అంది మెల్లగా. “తీసెయ్ తమ్మీ.”

బజారు దాటాక ఆగింది. “నిజంగ వదులైందా అక్కా?”

“వదులా? బంకవెట్టి అతికినట్టు పట్టింది. ఇయ్యాల పడితె, రేపు ఏం సాకు చెప్పి బస్సెక్కుతవే మొద్దూ?”

సుగుణ నడిరోడ్డు మీద ఏడ్చింది. రజియా ఆమెను పక్కకు లాగి, వచ్చే ఆటోవాడిని తిట్టి, కాలువ కట్ట మీదికి తీసుకెళ్ళింది. కట్ట నిండా తుమ్మి పూసి ఉంది. హోటలు నుంచి కవరులో కట్టించుకొచ్చిన చాయ్ నా మూతలో పోసుకుని తాగారు. చల్లారిపోయిందని ఇద్దరూ తిట్టుకుంటూనే తాగారు. కట్ట చివరి దాకా నడిచి, పేరు తెలియని ఊదాపువ్వుకు దుకాణం కుర్రవాడి పేరు పెడదామనుకున్నారు. అతని పేరు అడగడం మరిచిపోయారు.

అప్పటి నుంచి చలికాలం వస్తే చాలు, నాకు బుడ్డి కావాల్సి వస్తుంది. జగిత్యాలలో ఇప్పటికి చాలా దుకాణాలు చూశాం. అన్నిట్లోనూ నాకు పట్టే బుడ్డి ఉంది. అన్నిట్లోనూ అది వదులే. నాలో ఇప్పుడు ఏ వేడీ నిలవదు. ఆరాటం మాత్రం చల్లారలేదు. ఏదో ఒకరోజు పని మీద మరీ శ్రద్ధ ఉన్న దుకాణంవాడు దొరికి, ఆ బుడ్డిని మళ్ళీ ఊడిరాకుండా గట్టిగా బిగించేస్తాడేమోనని.