తువ్వాలు కప్పిన తెర

గవర్నర్‌పేటలో నాగలక్ష్మి గారిది ఎండుచేపల టోకు కొట్టు. మా కంపెనీ చేసిన లెక్కల సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తోందో చూడటానికి ఒక ఉదయం వెళితే, కంప్యూటర్ తెర మీద తువ్వాలు కప్పి ఉంది. ఆవిడ బిల్లు అట్టముక్క మీద రాస్తోంది.

"పాడైందా అండీ?"

"దానికేం రోగం! తెరవంగానే 'వాపసు వచ్చిన సరుకు' అని కనపడుద్ది. బోణీ కాకముందే వాపసు మొహం చూడమంటావా అమ్మాయ్? మీ ఓనరు ఎప్పుడూ కొట్టు మొహం చూళ్ళేదా ఏంది?"

ఆఫీసుకొచ్చి మెనూ వంక చూస్తూ కూర్చున్నాను. అది మా యజమాని వెంకటసుబ్బారావు గారి మనసులాగే కనిపించింది. ఎవరో ఒకసారి గట్టిగా అడిగారు, ఒక బటన్ వచ్చింది. ఇంకెవరో అలిగారు, దాని కింద మరో మెనూ. ఆయన కాదనలేకపోయిన ప్రతి మనిషికీ ఆ తెర మీద చోటు దొరికింది. బిల్లు మాత్రం 'లావాదేవీలు'లో, 'ఇతరములు' కింద, ఎక్కడో లోపల. డెమోలప్పుడు పక్కన కూర్చుని దాన్ని వేలితో చూపించేది నేనే. ఆ గజిబిజి ఉన్నంతకాలం ఆయనకు నా అవసరం ఉంటుంది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు.

తెరవగానే బిల్లు ఒక్కటే కనపడేలా మార్చాను. మిగతావన్నీ కింద ఒక్క బటన్ లోపలికి వెళ్లిపోయాయి.

"ఇదేంటి సింధూరీ, ఖాళీ చేసిన అద్దె ఇల్లులా ఉంది!" అన్నారాయన. "మధ్యాహ్నం డీలర్లు వస్తున్నారు. వాళ్లు కొనేది బటన్లు చూసేనమ్మా. పాతది పెట్టెయ్."

"పెట్టనండి."

"ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందా?"

"ఉందండి. అందుకే పెట్టను."

నాతో పాటు ప్రోగ్రాములు రాసే బాబీ చేత పాత మెనూ పెట్టించారు.

డీలర్లు తెర నిండా ఉన్న మెనూలు చూసి తలలూపారు. ఉయ్యూరు నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం, "ఏదీ, ఒక బిల్లు కొట్టి చూపించండి" అన్నారు.

వెంకటసుబ్బారావు గారు ఒక మెనూ తెరిచారు. మూశారు. మరొకటి తెరిచారు. అలవాటు చొప్పున కుర్చీ నా వైపు కాస్త జరిపి ఆగారు.

నా చెయ్యి అప్పటికే సగం లేచింది. అది భయం కాదు. అడగక ముందే అందించి మెప్పు పొందే అలవాటు, భయం కన్నా లోతైనది. ఆ చేతిని ఒడిలోకి లాక్కుని రెండో చేత్తో పట్టుకున్నాను.

"బిల్లు ఎక్కడుందమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"వెతకండి సార్," అన్నాను, అందరికీ వినిపించేలా. "కొట్లలో రోజూ వెతుక్కుంటున్నారు."

ఉయ్యూరు పెద్దాయన ఫక్కున నవ్వారు.

వెంకటసుబ్బారావు గారు మరో మెనూ తెరిచారు. నేను కదలలేదు.