ఎర్రబడే చెయ్యి

పరీక్షల అక్క తొమ్మిదింటికల్లా నీళ్ళ ల్యాబు తలుపు తీసి, సీసాలు కడిగి, వీధి కుళాయిల నుంచి వచ్చిన నీళ్ళలో పసుప్పచ్చ కాగితం ముక్కలు ముంచేది. సైనైడ్ ఉంటే కాగితం ఎర్రబడాలి. ఏళ్ళ తరబడి ఒక్కటీ ఎర్రబడలేదు. ఎలా పడుతుంది, నా మొహం! ఆ డబ్బా గడువు ఏనాడో తీరిపోయింది. ఆఫీసరు ఏటా దానిమీద కొత్త తేదీ అంటించి చేతులు దులుపుకునేవాడు.

ఎర్రబడేది అక్క చెయ్యి. పద్దెనిమిదేళ్ళు ముంచీ ముంచీ, కాగితం మరిచిన పని చేతికి వచ్చేసింది. అదేం వింతని ఎవరూ అనుకోలేదు. "మళ్ళీ పండిందా అక్కా?" అంటూ గుమాస్తా టీ అందించేవాడు.

ఆ నెల తమ్ముడి వీధి నీళ్ళకు చెయ్యి మణికట్టు దాకా ఎర్రబడింది. ఆఫీసరుకి చూపించింది.

"రూల్లో ఉన్నది కాగితమమ్మా, నీ చెయ్యి కాదు. గ్లౌజులు వేసుకో," అన్నాడాయన.

వేసుకుంది. కానీ మనసు ఊరుకుంటుందా? మరదలికి రెండుసార్లు కడుపు పోయింది, ఇప్పుడు ఏడో నెల. సాయంత్రం పరుగున వెళ్ళి తమ్ముడికి చెప్పింది. వాడి ఉద్యోగం ఆ వీధి చివర, నగలకు పూత వేసే కార్ఖానాలో. విషమూ అక్కడిదే.

"గట్టిగా అనకక్కా! కార్ఖానా మూతపడితే ఏం తినాలి, మట్టా? వీధంతా తాగట్లేదా? మాకేమైంది?"

"రెండుసార్లు ఏమైందో మర్చిపోయావట్రా?"

"కళ్ళు తిరుగుతున్నాయి వదినా," అంది మరదలు. అక్క గ్లౌజు తీసి ఆమె నుదుటి చెమట తుడిచింది. చెయ్యి ఎర్రబడింది.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆఫీసరు మీద, తమ్ముడి మీద, బుద్ధిగా గ్లౌజులు తొడుక్కున్న తన మీద. మర్నాడు పొద్దున్నే ఆ కుళాయి దగ్గర బకెట్ల వరసలోకి దూరి, ధార కింద చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతి దాకా ఎర్రబడింది. వరసలోని వాళ్ళంతా ఖాళీ బకెట్లతోనే వెనక్కి తిరిగారు. వీధివాళ్ళంతా కార్ఖానా మీదికి వెళ్తే, నాలుగో రోజుకి దానికి తాళం పడింది. ఆ వారంలోనే అక్క ఉద్యోగమూ ఊడింది.

పక్క వీధి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు తాగి మరదలు ఆడపిల్లను కన్నది. పిల్ల నిక్షేపంలా ఉందని తెలిసి, అక్క మెత్తటి పాత చీరలు ఉతికి పట్టుకెళ్ళింది. తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నీ చెయ్యి పడితే ఏదో ఒకటి మూతపడుతుందక్కా. పాపను మాత్రం ముట్టుకోకు."

లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అక్క చీరలు గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.